చల్లని ప్రాంతంలో కర్బూజ, పుచ్చ: పొట్టి వేసవిలో పండు చేతికి రావాలంటే

పాదు_పందిరి:
పెరట్లో కర్బూజ, పుచ్చ వేయాలని ఉంది. పరిస్థితి ఇదీ. వసంతంలో ఆఖరి గడ్డమంచుకూ, చలికాలం ముందు తొలి గడ్డమంచుకూ నడుమ 115 రోజులు. నడివేసవిలో పగలు 24 డిగ్రీలు, రాత్రి 12. విత్తనాల ప్యాకెట్ మీద 75 రోజులని రాసి ఉంది. ఆ లెక్కన ఇంకా 40 రోజులు మిగలాలి కదా? నేరుగా నేలలో విత్తితే చాలా, నారు పోయాలా? ఏ రకాలు మేలు?

మట్టి_వేడిమి:
ఆ 75 రోజులు వెచ్చని చోట వేసిన లెక్కండీ. కొన్ని ప్యాకెట్ల మీద విత్తిన రోజు నుంచి, కొన్నింటి మీద నారు నాటిన రోజు నుంచి లెక్కిస్తారు, అది కూడా చూసుకోండి.

కర్బూజ తీగ 10 డిగ్రీల దగ్గర ఎదుగుదల దాదాపు ఆపేస్తుంది. కాబట్టి రోజు సగటులోంచి 10 తీసేసి, మిగిలినదాన్నే జమ వేసుకోవాలి. సగటు 25 ఉన్న చోట రోజుకు 15 జమ, 75 రోజులకు 1,125. మీ సగటు 18. రోజుకు జమయ్యేది 8 మాత్రమే. అదే 1,125 కూడాలంటే 140 రోజులు పడుతుంది, మీ దగ్గరున్నవి 115. మోటు లెక్కే అయినా అసలు సంగతి తేలిపోతుంది. మీకు కొరత రోజులది కాదు, వేడిది. ఆకు చుట్టూ గాలి, వేరు చుట్టూ మట్టి సగటున నాలుగైదు డిగ్రీలు పెరిగేలా చూస్తే జమ 12, 13కు చేరుతుంది. అప్పుడు 90 రోజుల్లో పండు చూడొచ్చు.

ఇక ఆ 115 కూడా పూర్తిగా మీవి కావు. గడ్డమంచు ఆగిన మర్నాడే మట్టి వెచ్చబడదు. 10 సెంటీమీటర్ల లోతున ఉదయం పూట 18 డిగ్రీలు చూపించడానికి ఇంకో రెండు వారాలు పడుతుంది. అటు చివర తొలి మంచుకు రెండు వారాల ముందే రాత్రులు 10 కిందికి దిగి తీగ పని మానేస్తుంది. మిగిలేవి 87 రోజులు. పిందె నిలిచాక పండు కోతకు రావడానికి వెచ్చని చోట 35 నుంచి 45 రోజులు, చల్లగా ఉంటే 50 వేసుకోండి. అంటే నాటిన 37 రోజుల్లోపు పిందె పడి తీరాలి. నాలుగు వారాల నారు కవరు (మడి పైన కప్పే గుడ్డ) కింద నాటితే 30, 35 రోజులకు ఆడపువ్వు వస్తుంది, కాబట్టి గట్టెక్కుతారు. నేరుగా విత్తితే 18 డిగ్రీల మట్టిలో మొలక రావడానికే వారం, పది రోజులు. ఆడపువ్వు కనబడేసరికి గడువు దాటిపోతుంది.

గట్టు_మీద:
నేరుగా విత్తడాన్ని అలా కొట్టిపారేయకండి. నేరుగా విత్తిన తీగకు తల్లివేరు చెదరదు, లోతుకు దిగుతుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కింద విత్తితే మట్టి వారం ముందే వెచ్చబడుతుంది.

మట్టి_వేడిమి:
ఒప్పుకుంటాను, కాని ఇంకో 20, 25 రోజులు చేతిలో ఉన్నచోట. అప్పుడైనా మొలక పైకి వచ్చిన రోజే షీటుకు చిల్లు పెట్టాలి. ఒక ఎండ మధ్యాహ్నం ఆలస్యమైతే షీటు కింద మొలక ఉడికిపోతుంది.

విత్తుల_పెట్టె:
రకాల సంగతి. పుచ్చలో మొదట చూడాల్సింది బ్లాక్‌టెయిల్ మౌంటెన్. రాత్రులు బాగా చల్లబడే అమెరికాలోని ఉత్తర ఐడహోలో గ్లెన్ డ్రౌన్స్ 1970లలో తయారుచేసిన రకం. 70 నుంచి 75 రోజులు, ముదురాకుపచ్చ తొక్క, ఎర్రని గుజ్జు. షుగర్ బేబీ అందరికీ తెలిసిందే, బ్లాక్‌టెయిల్ కంటే నాలుగైదు రోజులు వెనక. గోల్డెన్ మిడ్జెట్ కాయ చిన్నది, గుజ్జు లేత గులాబీ. పండగానే తొక్క పసుపు పచ్చగా మారుతుంది కాబట్టి పక్వం కనిపెట్టడం రానివాళ్లకు అదే ఉత్తమం.

కర్బూజలో మిన్నెసోటా మిడ్జెట్. మిన్నెసోటా విశ్వవిద్యాలయం 1948లో విడుదల చేసింది. తీగ మీటరు దాటి పెద్దగా పాకదు, కాయ 10 సెంటీమీటర్లు. కొల్ఖోజ్‌నిత్స అనే పాత సోవియట్ రకం గుండ్రంగా, పసుపు తొక్కతో, తెల్లని గుజ్జుతో ఉంటుంది, చల్లని వేసవికి ఓర్చుకుంటుంది. ఫ్రెంచి రకాల్లో పెటి గ్రీ ద రెన్ మంచిది. శారంటే (Charentais) అనే ఫ్రెంచి రకాలకు రుచి ఉంది, కాని వాన పడితే పగులుతాయి.

హనీడ్యూ, కసాబా, క్రెన్‌షా జోలికి వెళ్లకండి, వాటికి 100 రోజులు పైమాటే. గింజలేని పుచ్చ కూడా వద్దు. దాని విత్తనం మొలవడానికి 30 డిగ్రీలు కావాలి, పక్కన పుప్పొడి ఇచ్చే గింజల రకం ఒకటి వేరుగా నాటాలి. చిన్న కాయల రకమే వేసుకోండి. ఐదు కిలోల కాయకు కావలసిన వేడి మీ వేసవిలో లేదు.

రెండాకులు:
నారు గురించి కాస్త వివరంగా, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు.

నాటే తేదీకి నాలుగు వారాల ముందు విత్తండి, అంతకంటే ముందు వద్దు. ఆరు వారాల నారు కుండీలో వేరు చుట్టుకుపోయి, నేలలోకి మార్చాక రెండు వారాలు కదలదు. మూడు వారాల చిన్న నారు దాన్ని దాటిపోతుంది. 8 సెంటీమీటర్ల కుండీ, ఒక్కో దాంట్లో రెండు గింజలు, 1.5 సెంటీమీటర్ల లోతు. కింద హీట్ మ్యాట్ (కరెంటుతో వెచ్చబడే చాప) పెట్టి మట్టిని 28 నుంచి 30 డిగ్రీల వద్ద ఉంచితే నాలుగైదు రోజుల్లో మొలుస్తాయి. 18 డిగ్రీల్లోనూ మొలుస్తాయి, కాని తడి మట్టిలో అన్ని రోజులు పడి ఉన్న గింజల్లో సగం కుళ్లిపోతాయి. మొలక వచ్చాక పగలు 22, 24, రాత్రి 18 చాలు. వేడి అలాగే ఉంచి వెలుతురు తక్కువైతే కాడ సాగి పడిపోతుంది. రెండింట్లో నీరసంగా ఉన్నదాన్ని పీకకండి, కత్తెరతో కోసేయండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

రెండు, మూడు అసలు ఆకులు వచ్చినప్పుడు నాటాలి. కుండీని తలకిందులు చేసి మట్టిగడ్డ విరగకుండా తీయండి. కుండీలో ఉన్న లోతుకే నాటండి, కాడను టమాటా మాదిరిగా పాతిపెడితే మొదలు కుళ్లుతుంది. నాటిన వెంటనే భాస్వరం ఎక్కువున్న కరిగే ఎరువు లీటరు గోరువెచ్చని నీటికి 3 గ్రాములు కలిపి మొక్కకు పావు లీటరు పోయండి. చల్లని మట్టిలో వేరు భాస్వరాన్ని సరిగా తీసుకోలేదు. ఆకుల అడుగున ఊదారంగు తిరిగితే అదే కారణం.

పాదు_పందిరి:
నారును బయటి చలికి అలవాటు చేయాలంటారు కదా? వారం ముందు నుంచి రాత్రి బయట ఉంచితే?

రెండాకులు:
వద్దు! క్యాబేజీకి పనికొచ్చే పద్ధతి అది. కర్బూజ నారు 10 డిగ్రీల కింద రెండు రాత్రులు గడిపితే ఆకు వాడకపోయినా వేరు, మొగ్గ దెబ్బతిని చాలాకాలం మొద్దుబారి ఉంటుంది. అలవాటు చేయాల్సింది గాలికి, ఎండకు. ఐదారు రోజుల పాటు పగలు బయట, మొదటి రోజు గంట, తర్వాత పెంచుకుంటూ పోవాలి. నీళ్లు కొద్దిగా తగ్గించాలి, కాని ఆకు వడలిపోయేదాకా కాదు. రాత్రి 13 కంటే తగ్గే సూచన ఉంటే లోపలికి తెచ్చేయండి.

మట్టి_వేడిమి:
మడి సంగతి. 20, 25 సెంటీమీటర్లు ఎత్తు చేసిన మడి, 75 సెంటీమీటర్ల వెడల్పు. ఎత్తు మడిలో నీరు దిగిపోతుంది, పక్కల నుంచి కూడా ఎండ తగులుతుంది. తడి మట్టి వేడెక్కడానికి పొడి మట్టి కంటే చాలా ఎక్కువ వేడి తాగుతుంది కాబట్టి నీరు నిలిచే చోట ఏ షీటు పరిచినా ఫలితం అంతంతే. చదరపు మీటరుకు 3, 4 కిలోల బాగా మగ్గిన పశువుల ఎరువు, పీహెచ్ 6 నుంచి 6.8. మధ్యలో ఒక డ్రిప్ పైపు. దాని మీద షీటు. ఇదంతా నాటడానికి కనీసం రెండు వారాల ముందు పూర్తికావాలి.

నల్ల షీటు 5 సెంటీమీటర్ల లోతున 2, 3 డిగ్రీలు పెంచుతుంది. పారదర్శక షీటు అంతకు రెట్టింపు దాకా వెళ్లగలదు, కాని కింద కలుపు అడవిలా లేస్తుంది. రెండింటి మధ్య రకం ఒకటుంది. గోధుమరంగులోనో ఆకుపచ్చలోనో దొరికే, పరారుణ కిరణాలను లోపలికి వదిలి కలుపుకు కావలసిన వెలుతురును ఆపే షీటు. దొరికితే అదే వేయండి. నల్ల షీటు విషయంలో అందరూ చేసే తప్పు వదులుగా పరచడం. నల్లటిది ఎండను తాను తాగి, తాకుతున్న మట్టికి వేడి అందిస్తుంది. మధ్యలో వేలెడు గాలి ఉంటే షీటు మాత్రం కాలుతుంది, మట్టి చల్లగానే ఉంటుంది. మడి పైభాగాన్ని గడ్డల్లేకుండా చదును చేసి, షీటును డప్పుచర్మంలా బిగించి అంచులు పూడ్చండి.

గట్టు_మీద:
షీటు బదులు ఎండుగడ్డి పరిస్తే?

మట్టి_వేడిమి:
ఎండుగడ్డి మట్టిని చల్లగా ఉంచుతుంది. వేడి ప్రాంతాల్లో దాన్ని వాడేది అందుకే. పిందెలు దిగాక, మట్టి బాగా వేడెక్కాక నడిచే దారుల్లో వేసుకోండి, అంతవరకే.

చాళ్ల మధ్య 1.5 మీటర్లు, చాలులో మొక్కకూ మొక్కకూ 45 నుంచి 60 సెంటీమీటర్లు. పుచ్చకు ఇంకాస్త ఎక్కువ.

ఇనుప_కమాను:
షీటుతో సగం పనే అయింది. మిగతా సగం పైన కప్పాల్సిన కవరు.

3, 4 మిల్లీమీటర్ల గట్టి తీగను 1.8 మీటర్ల ముక్కలు కోసి, మడి మీద మీటరుకొకటి కమానులా గుచ్చండి. రెండు కొసలూ 15, 20 సెంటీమీటర్లు భూమిలోకి దిగాలి. పైన చదరపు మీటరుకు 17 నుంచి 20 గ్రాముల బరువున్న తెల్లని నాన్‌వోవెన్ (నేయని) గుడ్డ కప్పి, అంచుల మీద మట్టో ఇసుక సంచులో వేయండి. రాత్రి మంచు నుంచి ఇది కాపాడేది ఒకటి, రెండు డిగ్రీలే. పగలు మాత్రం లోపల బయటికంటే చాలా వెచ్చగా ఉంటుంది, గాలి తాకిడి ఉండదు. చల్లని ప్రాంతాల్లో గాలి చేసే నష్టాన్ని జనం తక్కువగా అంచనా వేస్తారు. లేత తీగను అటూఇటూ దొర్లించి మొదలు దగ్గర చీల్చేస్తుంది.

గుడ్డ బదులు చిల్లులున్న ప్లాస్టిక్ వేస్తే ఇంకా వేడి, ఇంకా ప్రమాదం కూడా. లోపల 35 దాటితే పూలు రాలతాయి. ఎండ కాసే రోజు ఉదయం పదింటికే రెండు కొసలూ తెరవాలి. పగలంతా ఇంట్లో లేనివాళ్లు గుడ్డే వేసుకోండి.

చిన్న పాలీ టన్నెల్ (ప్లాస్టిక్ కప్పిన సొరంగం లాంటి పందిరి) ఉన్నవాళ్లు ఉత్తరం వైపు 200 లీటర్ల నల్ల డ్రమ్ము నీళ్లతో నింపి పెట్టండి. పగలు ఎక్కిన వేడిలోంచి రాత్రి 10 డిగ్రీలు దిగితే 2.3 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి బయటికొస్తుంది. ఒక్క డ్రమ్ముతో పెద్ద టన్నెల్ వెచ్చబడదు, 10 చదరపు మీటర్లకు రెండు, మూడైనా ఉండాలి. మూత పెట్టడం మరవకండి. లేకపోతే వేడి ఆవిరిలో పోతుంది, తేమ పెరుగుతుంది, బూడిద తెగులు వస్తుంది.

ఈ ఆరాటం కొత్తదేమీ కాదు లెండి. రోమ్ చక్రవర్తి టైబీరియస్‌కు ఏడాది పొడవునా దోసజాతి కాయలు కావాలని తోటమాలులు చక్రాల మడులను ఎండలోకి తోసుకెళ్లేవారట, చలి రోజుల్లో పారదర్శక రాతి పలకల కిందికి తెచ్చేవారట.

పాదు_పందిరి:
గుడ్డ ఎప్పుడు తీయాలి?

ఇనుప_కమాను:
మొదటి ఆడపువ్వు కనబడిన రోజు. అంతకు ముందు వారం, పది రోజులపాటు మగపూలు మాత్రమే వస్తాయి, వాటిని చూసి తొందరపడకండి. ఆడపువ్వు కింద గోళీ అంత నూగు పిందె ఉంటుంది. సాయంత్రం మళ్లీ కప్పగలిగే ఓపిక ఉంటే రాత్రుళ్లు 13 కంటే చల్లబడినంతకాలం కప్పుతూ ఉండండి.

పుప్పొడి_బ్రష్షు:
చలి ప్రాంతంలో పంట పోయేది ఎక్కువగా ఈ దశలోనే. పువ్వు విచ్చేది ఒక్క ఉదయమే. కర్బూజ పుప్పొడి సంచి పగలడానికి సుమారు 18 డిగ్రీలు కావాలి. తేనెటీగలు 12, 13 డిగ్రీల లోపు గూడు దాటవు. చినుకులు పడే చల్లని వారం వస్తే ఆ వారం పూలన్నీ వృథా. ఒక్కో ఆడపువ్వు మీద ఎనిమిది, పది సార్లైనా తేనెటీగ వాలితేనే కాయ నిండుగా వస్తుంది. తక్కువైతే ఒకవైపు నొక్కినట్టు వంకర కాయ వస్తుంది.

చేత్తో చేయడం కష్టమేం కాదు. ఉదయం 8 నుంచి 11 మధ్య, అప్పుడే విచ్చిన మగపువ్వు తుంచి రేకులు వలిచేయండి. వేలికి పసుపు పొడి అంటుతోందో లేదో చూడండి. అంటకపోతే ఇంకా చలిగా ఉందన్నమాట, గంట ఆగండి. ఆడపువ్వు నడిమి కీలాగ్రం మీద అన్ని మూలలకూ తగిలేలా మెల్లగా రాయండి, ఒక్కో దానికి రెండు మగపూలు. చాలా కర్బూజ రకాల్లో ఆడపువ్వులోనే కేసరాలు కూడా ఉంటాయి, కాని ఆ పుప్పొడి జిగురుగా ఉండి తనంతట తాను కీలాగ్రం మీదికి చేరదు. పుచ్చ పుప్పొడి కర్బూజకు పనిచేయదు. కలిపి వేసినవాళ్లు ఏ పువ్వు దేనిదో చూసుకోండి.

తీగ_కత్తెర:
కొసలు తుంచడం గురించి రెండు పంటలకూ ఒకే సలహా ఇస్తుంటారు, అది తప్పు. కర్బూజ తల్లి తీగ మీద ఎక్కువగా మగపూలే. కాయ కాచే పువ్వు పక్క తీగల మొదటి, రెండో కణుపు దగ్గర వస్తుంది. అందుకే నాలుగైదు ఆకులప్పుడు తల్లి తీగ కొస తుంచితే పక్క తీగలు ముందే లేస్తాయి. పుచ్చకు తొలి ఆడపూలు తల్లి తీగ మీదే వస్తాయి. దాని కొస తుంచితే పది రోజులు వెనక్కి పోతారు.

టన్నెల్‌లో తాడుకు ఎక్కించే కర్బూజకు ఇంకో పద్ధతి. తల్లి తీగను నిటారుగా వదిలి, ఎనిమిదో ఆకు దాకా పక్క తీగలన్నీ తీసేయాలి. 8 నుంచి 12 ఆకుల దగ్గర వచ్చినవి ఉంచి, పిందె నిలిచాక దాని అవతల రెండాకులు వదిలి తుంచాలి. 22, 25 ఆకుల దగ్గర తల్లి తీగ కొస తుంచాలి. కోడిగుడ్డంత అయ్యాక కాయకు వలసంచి కట్టండి.

మీ వేడికి తీగకు రెండే కాయలు. ఆశపడి ఐదు ఉంచితే ఐదూ చప్పగా ఉంటాయి.

పాదు_పందిరి:
పిందెలు పసుపుపచ్చబడి రాలడం ఫొటోల్లో చూశాను. కారణం చలేనా?

పుప్పొడి_బ్రష్షు:
సైజును బట్టి చెప్పొచ్చు. పువ్వు వాడిన మూడు రోజుల్లోపు గోళీ సైజులోనే ముడుచుకుపోతే పుప్పొడి అందలేదు. నిమ్మకాయంత అయ్యాక పసుపెక్కితే తీగ మోయలేక వదిలేసింది, ముందు కట్టిన కాయలే బలం లాగేస్తున్నాయి. అది సహజం. ఆకులు నల్లగా నిగనిగలాడుతూ, తీగ పరుగెత్తుతూ, పిందె అసలు నిలవకపోతే నత్రజని ఎక్కువైంది. పూత మొదలయ్యాక యూరియా లాంటివి ముట్టుకోకండి.

ఆకు_వైద్యం:
తెగుళ్లలో రెండే చెప్తాను. ఒకటి బూడిద తెగులు. పండులోకి చేరే చక్కెరలో ఎక్కువ భాగం ఆఖరి రెండు వారాల్లో ఆకు తయారుచేసేదే. ఆకు పోతే కాయ సైజు ఉంటుంది, తీపి ఉండదు. తెల్ల చుక్క కనబడగానే పొటాషియం బైకార్బొనేట్ లీటరుకు 5 గ్రాములు, ఆకు రెండు వైపులా, వారానికోసారి. గంధకం కొట్టే ముందు ఒక ఆకు మీద పరీక్షించండి, చాలా కర్బూజ రకాల ఆకులు దానికి మాడతాయి.

రెండోది కాయలు నిండాక తీగ ఒక్కసారిగా వాలిపోవడం. చల్లని తడి మట్టిలో వేరు సగం చచ్చి ఉంటుంది, కాయల బరువు, చల్లని రాత్రి తర్వాత ఫెళ్లున కాసిన ఎండ కలిస్తే నీరు పైకి అందదు. మట్టి తడిగా ఉండగానే తీగ వాలితే నీళ్లు పోయకండి, ఇంకా ముంచుతారు. గుడ్డ వేసి నీడ కల్పించండి, ఒక కాయ తీసేయండి.

మట్టి_వేడిమి:
నీళ్లు వారానికి 25 నుంచి 30 మిల్లీమీటర్లు, ఉదయం పూట, ఎండకు పెట్టిన నీళ్లయితే మంచిది. బావి నుంచో కుళాయి నుంచో వచ్చే 8 డిగ్రీల నీటిని నేరుగా వేరు మీదికి వదిలితే షీటు వేసి సంపాదించిన వేడి కాస్తా పోతుంది. కాయ పూర్తి సైజుకు వచ్చాక వారం, పది రోజులు సగానికి తగ్గించండి. ఆ సమయంలో పెద్ద వాన పడితే తొక్క పగులుతుంది, తీపి పలచబడుతుంది. టన్నెల్‌కు అసలు లాభం అక్కడే. బయట మడిలో కాయల కింద పలుచని పెంకు ముక్క పెట్టండి, అడుగు కుళ్లదు.

గట్టు_మీద:
మంచు వచ్చే ముందు పచ్చికాయలు కోసి ఇంట్లో మగ్గబెడితే తీపి వస్తుందా?

తీగ_కత్తెర:
రాదు. కర్బూజలో పిండిపదార్థం నిల్వ ఉండదు కాబట్టి కోసిన తర్వాత చక్కెరగా మారడానికి ఏమీ లేదు. వాసన వస్తుంది, మెత్తబడుతుంది, అంతే. వలలాంటి తొక్క ఉన్న రకాలు పండగానే తొడిమ చుట్టూ చీలిక వస్తుంది, బొటనవేలితో మెల్లగా నెడితే ఊడొస్తుంది. శారంటే రకాలు ఊడేదాకా ఆగితే మితిమీరి పండుతాయి. కాయ దగ్గరి ఆకు పాలిపోయి, తొక్క బూడిద ఆకుపచ్చ నుంచి పసుపుకు తిరుగుతున్నప్పుడు కత్తితో కోయండి. పుచ్చలో కాయ దగ్గరి నులితీగ పూర్తిగా ఎండాలి, నేలకానిన మచ్చ తెలుపు నుంచి వెన్నరంగుకు మారాలి. తట్టి చూడటం అనుభవం ఉన్నవాళ్లకే.

కాబట్టి తొలి మంచుకు 60 రోజుల ముందు ఒక గీత గీసుకోండి. చివరి రెండు వారాలు ఎలాగూ లెక్కలోకి రావు, మిగిలేది 45 రోజులు, చిన్న కాయకే చాలీచాలని గడువు. ఆ తర్వాత విచ్చిన ప్రతి ఆడపువ్వునూ, ప్రతి లేత కొసనూ తీసేయండి. పిడికెడు సైజులో మిగిలిపోయిన లేత కర్బూజలు దోసకాయలా వండుకోవచ్చు, రెండూ ఒకే జాతి.

పాదు_పందిరి:
ఇంత శ్రద్ధ పెట్టాక కూడా మట్టి 16 డిగ్రీల దగ్గరే ఆగిపోతే?

రెండాకులు:
అంటుకట్టిన నారు. గుమ్మడి జాతుల సంకరం వేరుమొక్కగా వాడతారు, దాని వేరు చల్లని మట్టిలో కూడా పనిచేస్తుంది. గుమ్మడి త్వరగా లావెక్కుతుంది కాబట్టి కర్బూజ గింజ నాలుగైదు రోజులు ముందు విత్తితే కాడలు సరితూగుతాయి. గుమ్మడి మొలకలో ఒక బీజదళాన్నీ (గింజలోంచి మొదట విచ్చే రెండాకుల్లో ఒకదాన్ని), నడిమి మొగ్గనూ ఏటవాలుగా పూర్తిగా కోసేసి, అదే వాలుగా కోసిన కర్బూజ కాడను ఆనించి క్లిప్పు పెట్టాలి. మొగ్గ కొంచెం మిగిలినా గుమ్మడే లేస్తుంది. 25 నుంచి 28 డిగ్రీలు, 95 శాతం తేమ, నీడలో ఆరేడు రోజులు. ఆ తర్వాత మూత రోజుకు కొద్దిగా తెరవండి. అన్ని రకాలూ గుమ్మడి వేరుతో కలవవు, కొన్నింటిలో గుజ్జు నాణ్యత తగ్గుతుంది, కోత కొన్ని రోజులు ఆలస్యం కావచ్చు. అందుకే సగం మొక్కలకే చేసి చూడండి. నాటేటప్పుడు అతుకు మట్టికి రెండు వేళ్ల పైన ఉండాలి. మట్టి తగిలితే కర్బూజ సొంత వేర్లు దింపుకుంటుంది, అంటు కట్టిన ప్రయోజనం పోతుంది.